తెగని తాడు

పద్నాలుగేళ్ల కిందట, వేసవి ముదురుతున్న రోజుల్లో, నన్ను నెల్లూరు నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న ఒక కాలనీకి ఉద్యాన పర్యవేక్షకుడిగా బదిలీ చేశారు. తోటపల్లి గూడూరు దాటి తూర్పుకు పోతే, రొయ్యల గుంటలు అయిపోయి సరుగుడు తోపులు మొదలయ్యే చోట ఉండేది ఆ కాలనీ. సంస్థ పేరు ఇక్కడ అక్కర్లేదు. ఉద్యోగుల ఇళ్లు, ఒక బడి, చిన్న ఆసుపత్రి, అతిథి గృహం, వాటి చుట్టూ ఎవరో ముందుచూపు ఉన్నవాళ్లు ఎప్పుడో నాటి పోయిన పెద్ద పెద్ద చెట్లు. నిద్రగన్నేరు, వేప, బాదం, తురాయి, కొబ్బరి. ఆ చెట్లన్నీ నా పూచీ.

ఉద్యాన పర్యవేక్షకుడంటే పూలకుండీలకు నీళ్లు పోయించేవాడని మా చుట్టాల్లో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. ఒకప్పుడు వివరించేవాణ్ణి, తర్వాత మానేశాను. నిజానికి నా పని రెండు ముక్కల్లో చెప్పవచ్చు. చెట్టు మీది కొమ్మ ఎవరి నెత్తినా పడకుండా చూడటం ఒకటి. ఆ కొమ్మ కొట్టడానికి చెట్టెక్కినవాడు కింద పడకుండా చూడటం రెండోది. మొదటిది చెట్టుతో పని, కాబట్టి తేలిక. రెండోది మనుషులతో.

నా పైన ఎస్టేట్ ఆఫీసరు ఉండేవారు. ఆయనకు కాగితం సక్రమంగా ఉంటే చాలు. నా కింద నలుగురు తోటమాలులు. చెట్లెక్కే ముఠా మాత్రం కాలనీవాళ్లు కాదు. మన జిల్లాలో అసలు వానలు దసరా దాటాక, గాలివానలతో కలిసి వస్తాయి. అవి వచ్చేలోగా చెట్ల నెత్తిబరువు దించాలి. ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా సముద్రంలో వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. ఆ రెండు నెలలూ పడవలు ఇసుక మీద ఉంటాయి, మనుషులు ఖాళీగా ఉంటారు. దగ్గర్లోని పట్టపు పాళెం నుంచి ఒక ముఠా ఆ రెండు నెలలకూ మా కాలనీకి పనికి వచ్చేది. చేపలు పట్టేవాళ్లకు చెట్లతో ఏం పని అని నేనూ మొదట అనుకున్నాను. వారం తిరక్కుండానే తెలిసింది, చెట్టు పనిలో సగం తాడు పనే. తాడు సంగతి వాళ్లకు చెప్పేంతటి వాడు ఈ తీరంలో ఎవడూ లేడు.

ఇక్కడ నా గుట్టు ఒకటి చెప్పాలి. నాకు ఎత్తంటే కళ్లు తిరుగుతాయి. నిచ్చెన ఆరో మెట్టు దాటితే కాళ్లు నావి కావు. చెట్లెక్కేవాళ్లకు పర్యవేక్షకుడిగా ముప్పై ఏళ్లు చేసినవాడు ఈ మాట చెప్పుకోవడం సిగ్గే. ముఠాకు ఆ సంగతి మొదటి రోజే తెలిసిపోయింది. నా ముందు ఎన్నడూ నవ్వలేదు, అది వాళ్ల మర్యాద.

ముఠాలో పైకి ఎక్కేవాడు పెంచలయ్య. అప్పటికి ముప్పై ఏళ్లుంటాయి. సన్నగా, నల్లగా, చెట్టు మీద ఉన్నంతసేపూ మాట్లాడుతూ ఉండేవాడు, కింద దిగాక నోరు విప్పేవాడు కాదు. కింద తాడు పట్టేవాడు కోటయ్య, పెంచలయ్య భార్య మస్తానమ్మకు సొంత అన్న. ఇది యాదృచ్ఛికం కాదు. ఎక్కేవాడి తాడు వాడి పెళ్లాం తోడబుట్టినవాడే పట్టాలని వాళ్ల కట్టుబాటు. లోతు నీళ్లలోకి మనిషిని దింపేటప్పుడు వాళ్ల పెద్దలు పెట్టుకున్న నియమమట, చెట్టు పనికీ దాన్నే తెచ్చుకున్నారు. ఎందుకని అడిగితే కోటయ్య నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. "చెల్లెలి బొట్టు సార్. ఏమరపాటుగా ఎట్టా ఉంటాను?" అన్నాడు. భద్రత మీద నేను చదివిన పుస్తకాల్లో ఇంతకంటే గట్టి ఏర్పాటు ఎక్కడా చూడలేదు.

తాడు వేసే పద్ధతి ఇది. చెట్టు పైన బలమైన పంగలోంచి తాడు వేస్తారు. ఒక కొస ఎక్కేవాడి నడుముకీ తొడలకీ వచ్చే బెల్టుకు ముడిపడుతుంది. రెండో కొసను కిందివాడు చెట్టు మొదలుకు రెండు చుట్లు తిప్పి పట్టుకుంటాడు. పైవాడు కదిలిన కొద్దీ వదులు లాగడమో, ఇవ్వడమో చేస్తూ ఉండాలి. మనిషి జారితే ఆ రెండు చుట్లూ బిగుసుకుని ఆపుతాయి. పడవను ఒడ్డున గుంజకు కట్టే పద్ధతే ఇది, మనిషిని కట్టినప్పుడు ఏమరపాటుకు వీలుండదు, అంతే తేడా.

నేను చేసిందల్లా కొన్ని నియమాలు చేర్చడం. కొమ్మ పడే జాగా చుట్టూ ఎర్రగుడ్డలు కట్టిన పురికొస లాగడం, అందులోకి ఎవరూ రాకపోవడం. పైనుంచి ఈల వినపడితే కింద నుంచి జవాబు ఈల వచ్చేదాకా రంపం కదపకపోవడం. బరువైన కొమ్మకు ముందు కింద గాటు, తర్వాత పై కోత, లేకపోతే కొమ్మ విరిగేటప్పుడు మాను బెరడు చీల్చుకుని వస్తుంది. ఇవన్నీ కాక తాళ్ల పుస్తకం ఒకటి పెట్టాను. ప్రతి తాడుకూ ఒక నంబరు, వచ్చిన రోజు, ఎన్ని రోజులు చెట్టెక్కింది, ప్రతి ఉదయం చేత్తో తడిమి చూసినవాడి పేరు. అప్పటి నుంచి కాలనీలో నా పేరు పోయి తాళ్ల సారు అయ్యాను. పిల్లలు కూడా అలాగే పిలిచేవారు. లోలోపల నాకది బాగానే ఉండేది.

ఆ నెల రోజులూ తలచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. ఉదయం ఆరుకే పని మొదలు, ఎండ ముదిరేలోగా ఆపు. కోసిన నిద్రగన్నేరు కొమ్మల పచ్చి వాసన, దాని మీదుగా వచ్చే ఉప్పుగాలి. పదకొండింటికి మస్తానమ్మ తట్టలో అన్నం తెచ్చేది. వేట లేదు కాబట్టి పచ్చి చేప ఉండదు, ఎండు నెత్తళ్లు మామిడికాయ వేసి పులుసు పెట్టేది. నాకొక గిన్నె వేరుగా ఉండేది. మా ఇంట్లో నీచు వండరు, సంగం దగ్గర మాగాణి చేసుకునే మా నాన్నకు తెలిస్తే ఏమనేవాడోగానీ, నేను ఆ గిన్నె ఒక్కరోజు కూడా మిగల్చలేదు. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరిన రోజు పని ఆపాం. అందరికంటే ముందు చూసింది పెంచలయ్యే, చెట్టు కొసనుంచి. "లేస్తా ఉండాది సార్, లేస్తా ఉండాది!" అని కేక వేశాడు. మేం కిందనుంచి దక్షిణం వైపు మెడలు సాచేసరికి సన్నటి తెల్లగీత మిగిలింది.

జూన్ మొదటి వారంలో బడి గేటు దగ్గరి నిద్రగన్నేరు మొదలుపెట్టాం. కాలనీలో అన్నిటికంటే పెద్ద చెట్టు. ఒక కొమ్మ అడ్డంగా సాగి గేటు మీదికి వాలి ఉండేది. పన్నెండో తేదీన బడి తెరుస్తారు, పదిహేనో తేదీన వేట మొదలవుతుంది. అంటే పిల్లలు వచ్చేలోగా కొమ్మ దిగాలి, ముఠా పోయేలోగా చెట్టు అయిపోవాలి.

కొట్టాల్సిన కొమ్మకు ఎర్ర సుద్దతో, కాలు పెట్టదగ్గ కొమ్మకు తెల్ల సుద్దతో గుర్తు పెట్టడం పర్యవేక్షకుడి పని. గుర్తు పెట్టే ముందు కొయ్యసుత్తితో కొట్టి చూడాలి. గట్టి కొమ్మ ఖంగుమంటుంది, తొర్ర పడిన కొమ్మ డొల్లగా మోగుతుంది. గేటు మీది కొమ్మను కోయడానికి కాలు పెట్టాల్సిన కొమ్మ చాలా ఎత్తున ఉంది. పైకెక్కి కొట్టి చూడమని పెంచలయ్యకు చెప్పాలి. అతను అన్నానికి కూర్చున్నాడు. నేను నిచ్చెన అయిదో మెట్టు మీద నిలబడి, పొడుగాటి గెడకు సుత్తి కట్టి, కింది వైపున రెండు దెబ్బలు కొట్టాను. ఖంగుమంది. గెడకే సుద్ద కట్టి తెల్ల గుర్తు పెట్టేశాను.

నీళ్లు నిలిచి కుళ్లేది పై వైపున. ఆ సంగతి నాకు తెలుసు. ఇరవై మందికి పాఠం చెప్పినవాణ్ణి.

మర్నాడు ఏడింటికి పెంచలయ్య ఆ కొమ్మ మీద నాలుగడుగులు వేశాడు. పక్కనే గేటు మీదికి వాలిన కొమ్మను కోయడానికి వంగుతుండగా కాళ్ల కింద కొమ్మ విరిగింది. చప్పుడు పెద్దగా రాలేదు, లోపల పొట్టే కదా ఉన్నది. మనిషి రెండు నిలువుల లోతు పడ్డాడు, తాడు బిగిసింది, ఊగుతూ వచ్చి మానుకు కొట్టుకున్నాడు. విరిగిన కొమ్మ ఎర్రగుడ్డల గీత లోపలే పడింది. తర్వాత పైనుంచి పెంచలయ్య ఈల ఊదాడు. ఒకటే ఈల, ఆపండి అని. ఇంకేం ఆపాలో అతనికీ తెలియదు, నోట్లో ఉంది కాబట్టి ఊదాడు. ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

కోటయ్య మెల్లగా చుట్లు సడలించి దించాడు. అతని అరచేతుల తోలు లేచిపోయింది. పెంచలయ్యకు భుజం వాచింది, మోచెయ్యి గీరుకుంది, హెల్మెట్ పగిలింది. అంతే. ఆసుపత్రిలో కట్టు కట్టి మూడు రోజులు పని చేయొద్దన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను ఆ సాయంత్రం మిగిలిన ప్రతి కొమ్మనూ పైనుంచి కొట్టించి చూశాను. తప్పు నాదేనని రాసి ఎస్టేట్ ఆఫీసరుకు ఇచ్చాను. ఆయన చదివి, మనిషి బతికాడు కదా, ఇంకా కాగితం ఎందుకండీ అన్నారు. ఉంచండి అన్నాను.

ఇంతవరకూ ఏ చెట్టు పనిలోనైనా జరగగల సంగతే. అసలు కథ నాలుగో రోజు ఉదయం మొదలైంది.

నేను వెళ్లేసరికి చెట్టు మొదట్లో పీట వేసి ఉంది. పీట మీద పెంచలయ్యను ఆపిన ఏడో నంబరు తాడు, చక్కగా చుట్టలు చుట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన మల్లెపూలు. ముందు టెంకాయ కొట్టి ఉంది. మస్తానమ్మ, ఆ రోజు పొద్దున్నే తెచ్చిన అన్నం తట్ట పక్కన పెట్టి, హారతి ఇస్తోంది. కోటయ్య కట్టుకట్టిన చేతులతోనే దణ్ణం పెట్టుకుంటున్నాడు. మనిషిని కాపాడిన తాడును వాళ్ల పాళెంలో ఎవరికీ ఇవ్వరు, అమ్మరు. ఆ మనిషి వేటకు పోయినన్నాళ్లూ అదే తాడు అతనితో పడవలో పోతుంది. ఇక మీదట పెంచలయ్య ఏ చెట్టెక్కినా ఈ తాడుతోనే ఎక్కుతాడని మస్తానమ్మ నాతో చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె మొహంలో ఎంతో నిశ్చింత ఉంది. పగిలిన హెల్మెట్ మాత్రం మూల పడి ఉంది. అదీ తలను కాపాడింది, దానికెవరూ బొట్టు పెట్టలేదు.

నా వృత్తిలో నియమం సరిగ్గా దీనికి తలకిందులు. పడుతున్న మనిషిని ఒకసారి ఆపిన తాడు మళ్లీ చెట్టెక్కకూడదు. ఆ తాడుకు పైన అల్లిక, లోపల పోగులు ఉంటాయి. భారమంతా లోపలి పోగుల మీదే. దెబ్బ తగిలినప్పుడు లోపల ఏం తెగిందో, ఏం సాగిందో పైకి కనపడదు. అందుకే అటువంటి తాడును పక్కన పెట్టడం కూడా చాలదు, ఎవరూ వాడలేకుండా ముక్కలుగా కోసి పారేయాలి. హెల్మెట్‌కూ అదే నియమం. దాన్ని పగలగొట్టి పారేస్తుంటే ఎవరూ అడ్డు రాలేదు.

తాడు సంగతి చెప్పాను. నెమ్మదిగానే చెప్పాననుకుంటాను. పెంచలయ్య తల వంచుకుని నిలబడ్డాడు. కోటయ్య తాడు వైపు, నా వైపు చూశాడు. మాట్లాడింది మస్తానమ్మ.

"కొమ్మ బాగుండాదని తెల్లగుర్తు పెట్టింది మీరే కదా సార్. అది ఇరిగింది. ఇప్పుడు నిలబెట్టిన తాడు బాగాలేదంటున్నారు. ఎట్టా నమ్మేది?"

నేను విరిగిన కొమ్మ మోడు వైపు చూశాను.

"నమ్మి చెడినోళ్లు లేరు సార్" అంది మళ్లీ, ఈసారి కాస్త మెత్తగా. నన్ను బాధపెట్టానేమో అనుకున్నట్టుంది.

అప్పటికి చుట్టూ జనం చేరారు. తోటమాలులు, బడి వాచ్‌మన్, వాకింగుకు వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆఫీసర్లు. వాళ్లలో ఒకాయన నవ్వుతూ, అయితే పరీక్ష పెట్టేయండి సారూ, తేలిపోతుంది అన్నారు. పెంచలయ్య బరువుకు సరిపడా ఇసుక బస్తా కట్టి పైనుంచి వదలండి అన్నారు. కోటయ్య సరేనన్నాడు. అందరూ నా వైపు చూశారు. నాకు పౌరుషం వచ్చింది. పైగా లోపల ఒక మూల, తెగితే బాగుండునన్న ఆశ. తెగితే నేను నెగ్గుతాను, కొమ్మ విషయంలో పోయిన పరువు కొంత తిరిగి వస్తుంది. సరే కానివ్వండి అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసులో మోకాళ్ల దాకా దిగాను.

బస్తా కట్టి, పంగలోంచి పైకి లాగి, రెండు నిలువుల వదులు ఉంచి వదిలారు. తాడు బిగిసింది, బస్తా ఊగింది, నిలిచింది. మళ్లీ వదిలారు. నిలిచింది. మూడోసారీ నిలిచింది. జనం చప్పట్లు కొట్టారు. మస్తానమ్మ చేతులు జోడించి కళ్లు మూసుకుంది. పెంచలయ్య మొదటిసారి తలెత్తి నా వైపు చూశాడు. ఎగతాళి కాదు. ఇక ఒప్పుకోండి సార్ అన్నట్టు చూశాడు.

నేను తాడు దింపమన్నాను. బస్తా విప్పి, మొదటి కొస నుంచి చివరి కొస దాకా చేత్తో తడిమాను. ఎక్కడా బిరుసు లేదు, పోగు లేవలేదు, నున్నగా పసుపు వాసన వేస్తూ ఉంది. నా అరచేతులకు కుంకుమ అంటుకుంది. అది మంచి తాడే అయి ఉండవచ్చు. కానీ వాళ్ల లెక్కలో మూడుసార్లు నెగ్గిన తాడు నా లెక్కలో నాలుగు దెబ్బలు తిన్న తాడు. మొదటి దెబ్బకు మార్చాల్సిన దానికి, నా పౌరుషం కోసం, నేనే ఇంకో మూడు దెబ్బలు తగిలించాను.

రంపం తీసుకున్నాను. దుంగ మీద తాడు పెట్టి మూరెడు మూరెడు చొప్పున కోశాను. నైలాను కదా, తొందరగా తెగదు. సగం కోసేసరికి చెమటలు పట్టాయి. ఎవరూ నన్ను ఆపలేదు, ఎవరూ సాయం రాలేదు. చివరి ముక్క అయ్యాక మస్తానమ్మ వచ్చి, కుంకుమ బొట్టు ఉన్న ఒక ముక్క ఏరి కొంగున ముడి వేసుకుంది. అన్నం తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. నా గిన్నె ఆ తట్టలోనే ఉంది.

ముఠా కూడా వెళ్లిపోవడానికి సిద్ధమైంది. కొత్త తాడు ఉంది కదా అన్నాను. పెంచలయ్య మర్యాదగానే చెప్పాడు. "నిలిచిన తాడు కోసినాక కొత్త తాడు మీద ఎట్టా ఎక్కేది సార్? చేతులు వణకతాయి" అన్నాడు. అదీ సబబే. చేతులు వణికేవాణ్ణి చెట్టెక్కించకూడదని నా నియమాల్లోనే ఉంది.

తాళ్ల పుస్తకంలో ఏడో నంబరు ఎదురుగా ఇలా రాశాను: మనిషిని ఆపింది, పరీక్షలో నిలిచింది, కోసివేయడమైనది. మూడు మాటలూ ఒకే వరసలో చూసి ఎస్టేట్ ఆఫీసరు కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. బడి పన్నెండో తేదీనే తెరిచారు, కానీ ఆ గేటు మూయించి వెనక గేటు తెరిపించాను. తల్లిదండ్రులు చుట్టు తిరిగి రావాల్సి వచ్చిందని నన్ను తిట్టుకున్నారు. కావలి వైపు నుంచి ఇంకో ముఠాను పిలిపించి చెట్టు పూర్తి చేసేసరికి జూన్ నెల గడిచిపోయింది. వాళ్లు పని తెలిసినవాళ్లే. కానీ చెట్టు మీద మాట్లాడేవాళ్లు కాదు. రాకెట్ ఎగిరినా రంపం ఆపలేదు.

మరుసటి ఏడు వేట నిషేధం రాగానే పాళేనికి కబురు పంపాను. జవాబు రాలేదు. ఆ పై ఏడూ అంతే. తర్వాత నాకు వేరే చోటికి బదిలీ అయింది. కొమ్మ విరిగింది, తాడు నిలిచింది, నేను కోశాను. ఈ మూడింటినీ వరసగా పెట్టి చూసుకుంటే నాకే ఒక్కోసారి మస్తానమ్మ మాట నిజమనిపించేది. తాడు తెగి ఉంటే ఎంత బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. మనిషి ప్రాణం గురించి కాదు సుమా, నా మాట నెగ్గడం గురించి. వృత్తిలో ఉన్నవాడికి ఇది మంచి ఆలోచన కాదు.

రిటైరై నెల్లూరులో ఉంటున్నాను. పోయిన వేట నిషేధం రోజుల్లో, ఒక ఉదయం గేటు దగ్గర ఎవరో నిలబడితే మా ఆవిడ లోపలికి రమ్మంది. నెరిసిన జుట్టు, కాస్త పొట్ట. మాట విన్నాకే గుర్తుపట్టాను. పెంచలయ్య చేతిలో కాగితం పొట్లం ఉంది. మస్తానమ్మ ఇచ్చిందట, ఎండు నెత్తళ్లు. మా వంటింట్లోకి వాటిని ఎలా చేర్చాలన్నది వేరే కథ.

కుర్చీ చూపించినా మెట్టు మీదే కూర్చున్నాడు. భుజం పట్టేయడంతో పైకి ఎక్కడం మానేశాడట. ఇప్పుడు కింద నిలబడి తాడు పడుతున్నాడు. ఎక్కేది చెల్లెలి మొగుడు రమణయ్య. కోటయ్య బాగున్నాడా అని అడిగాను. చేతుల మచ్చలు అట్టానే ఉండాయి సార్ అన్నాడు. తర్వాత వచ్చిన సంగతి చెప్పాడు.

పది రోజుల కిందట ఒక తోటలో మామిడిచెట్టు మీద రమణయ్య కాలు జారింది. పెద్ద ఎత్తు కాదు. పెంచలయ్య చేతిలోని తాడు ఆపింది. మర్నాడు చెల్లెలు పీట వేసి, ఆ తాడుకు పసుపు రాసి, పూలు పెట్టింది. ఆమె హారతి ఇచ్చేదాకా ఆగి, పెంచలయ్య ఆ తాడు తీసుకుని ముక్కలుగా కోశాడు.

"మా చెల్లెలు మాట్లాడటం లేదు సార్" అన్నాడు. "ఒక ముక్క ఇచ్చినా, దేవుడి గూట్లో పెట్టుకోమని. ఇసిరి కొట్టింది. మీరు కోసిన ముక్క మా గూట్లో ఇప్పటికీ ఉండాది. మా ఆడది రోజూ బొట్టు పెడతాది."

ఎందుకు కోశావని అడిగాను. ఆలోచించి చెప్పాడు.

"పైన ఉన్నప్పుడు తాడు మీద నమ్మకం సార్. నమ్మకం లేకపోతే కాలు కదలదు. కింద నిలబడి చెల్లెలి మొగుణ్ణి పట్టుకున్నాక తెలిసింది, నమ్మకం నాకు చాలదని. రాత్రంతా చేత్తో తడిమి చూసినా, సార్. ఏం తెలియలా."

తర్వాత అతను అడిగాడు. "ఆ పొద్దు మీకు తెలుసునా సార్, అది తెగతాదని?"

తెలియదన్నాను. పద్నాలుగేళ్లలో ఎవరితోనూ ఒప్పుకోని మాట అది.

"నాకూ తెలీదు సార్" అన్నాడు పెంచలయ్య. "తెలీకనే కోసినా."

ఈ పనిలోకి వచ్చేవాళ్లు అప్పుడప్పుడూ సలహా అడుగుతుంటారు. కొమ్మను పై వైపు నుంచి కొట్టి చూడమంటాను. ఎత్తంటే భయముంటే ఆ మాట మొదటి రోజే బయటికి చెప్పమంటాను. మూడోది తాడు సంగతి. తెగుతుందని తెలిస్తే ఎవడైనా మారుస్తాడు, దానికి మనం అక్కర్లేదు. తెలియనప్పుడు మార్చడానికే మనకు ఉద్యోగం ఇచ్చారు. ఆ తాడు ఇంకో పదేళ్లు నిలిచేదేమో. అది ఎప్పటికీ తెలియకుండా ఉండటమే మన పని సక్రమంగా జరిగిందనడానికి గుర్తు.